విడిది ఇంటి చెమ్మ

రైద్‌వెన్,
12 సెప్టెంబరు 1991

చిరంజీవి నెస్టాకు ఇద్వాల్ పెదనాన్న ఆశీర్వచనములు.

కవరు మీద నా చేతివ్రాత చూచి ఎవరో పోయారని కంగారుపడకు. పోవలసినవారందరూ ఇదివరకే పోయారు. నేను కులాసా.

నేనొక ఇల్లు కొనదలచాను. డెబ్బై ఎనిమిదో యేట ఇల్లేమిటని నవ్వుతావు, నవ్వు. మీ పెద్దమ్మ లూనెడ్ పోయిన నాటినుంచి నాలుగేళ్లుగా పోస్టాఫీసు మేడమీది ఈ ఒంటిగదిలో ఉంటున్నాను. సోమవారం పింఛనుకు వచ్చినవారి మాటలు నేలపలకల సందుల్లోంచి పైకి వినిపిస్తాయి. తక్కిన రోజుల్లో తపాలాముద్ర వేసే చప్పుడు. ఆదివారం అదీ లేదు. వారానికొక పద్యం యతిప్రాసలు తప్పకుండా అల్లుతున్నాను. వినేవారు లేని పద్యానికి యతి కుదిరితేనేమి, కుదరకుంటేనేమి అని ఒక్కొక్కప్పుడు తోస్తుంది.

కొనదలచినది నేను కాపరిగా ఉండిన మన హెబ్రోన్ మందిరం పక్కనున్న విడిది ఇల్లు. పరాయి ఊళ్లనుంచి ప్రసంగానికి వచ్చే బోధకులను మార్గెడ్ అక్కడే దింపుకొనేది. మీ నాన్న రాతిగనిలో పోయి, నువ్వు తొమ్మిదేళ్ల పిల్లవై మా దగ్గరకు వచ్చినప్పుడు, మొదటిసారి కడుపునిండా తిన్నది ఆ వంటింట్లోనే. మార్గెడ్ రెండేళ్ల కిందట అక్కగారింటికి మకాం మార్చి, తాళంచెవి నాకిచ్చింది. మందిరాన్ని కొన్న తివాచీల వర్తకుడు ఇప్పుడు ఈ ఇంటినీ అడుగుతున్నాడు, గోడ పగలగొట్టి గోదాములో కలుపుకొంటాడట.

“వాడికిస్తే నాలుగు డబ్బులెక్కువొస్తాయి గానీ ఇద్వాల్, నా వంటింట్లో తివాచీ చుట్టలు నిలబెడతాడంటే నాకు నిద్ర పట్టదు. నవంబరు ఆఖరుదాకా ఆగుతా. ఆ తర్వాత నన్నడగొద్దు” అన్నది మార్గెడ్.

నేను దాచుకొన్నదంతా ఊడ్చి పెడితే సరిపోతుంది. కాని లాయరు, “నూట ముప్ఫై యేళ్ల ఇల్లు ఊరికే చూసి కొనేది కాదండీ. ముందు తనిఖీ చేయించండి, గోడలూ దూలాలూ ఏ స్థితిలో ఉన్నాయో తెలుసుకోండి” అన్నాడు. నిజమే. ఇసుక మీద ఇల్లు కట్టినవాణ్ణి గురించి నలభై యేళ్లలో ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. కొన్నవాణ్ణి గురించి ఒక్కటీ చేయలేదు.

ఇళ్లకు నాడి చూడడమే వృత్తిగా గలది మన ఇంట్లోనే ఉండగా పరాయివారి నెందుకు పిలవాలి? ఒక పూట వచ్చి చూచిపో.

నీ శ్రేయోభిలాషి,
పెదనాన్న


చెస్టర్,
20 సెప్టెంబరు 1991

పెదనాన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీరు ఇల్లు కొనడం నాకు సంతోషమే. అయితే నేను తనిఖీ చేయలేను. సొంతవారి ఇంటికి నివేదిక రాయకూడదన్నది మా వృత్తి నియమం. చూసే కంటికి చుట్టరికం అడ్డు పడుతుందని. హెబ్రోన్ మందిరం విషయంలో మీరు అడిగారని ఒకసారి ఆ నియమం తప్పాను. దాని ఫలితం మీకూ తెలుసు, నాకూ తెలుసు. మళ్లీ తప్పను.

మా ఆఫీసు తరఫున అక్టోబరు 8 మంగళవారం తనిఖీ ఏర్పాటు చేశాను. పైపై పరీక్ష కాదు. కప్పు, గోడలు, నేలకింది దూలాలు, వాననీటి గొట్టాలు అన్నీ చూసే పూర్తి తనిఖీ అడిగాను. రాతి ఇంటికి అది తప్పదు. మీరు చేయవలసింది ఒక్కటే: ఇల్లు ఉన్నది ఉన్నట్టు ఉంచండి. ఏమీ సర్దవద్దు.

అబెర్‌వెన్ స్టేషను నుంచి బస్సు ఊళ్లోకి వస్తుందా, మునుపటిలాగే వంతెన దగ్గర ఆగిపోతుందా? రెండు ముక్కలు రాయండి.

మీ
నెస్టా


రైద్‌వెన్,
9 అక్టోబరు 1991

చిరంజీవి నెస్టాకు,

తనిఖీ జరిగింది. వంతెన దగ్గర బస్సుకు ఎదురు వెళ్లి నిలబడ్డాను. బస్సులోంచి ముగ్గురు దిగారు: కోళ్లబుట్టతో ఒకామె, నేనెరుగని ఒక సైనికుడు, ఆ వెనక మడత నిచ్చెన చంకన పెట్టుకొని స్థూలకాయుడైన ఒక పెద్దమనిషి. ఆయనే మీ మిస్టర్ విట్లో. కారు మరమ్మతులో ఉందట.

“పాస్టరుగారంటే మీరేనా? నిచ్చెన కాస్త పట్టుకోండి, నడుం పోయింది” అన్నాడు, నమస్కారానికి బదులు. ఆ నిచ్చెనతోనే పరిచయం కుదిరింది. ఇంట్లో అడుగుపెట్టి కోటు విప్పాడు. గోడలకు తడి కొలిచే ముళ్ల మీటరు గుచ్చాడు, అటకెక్కాడు, వంటింటి నేలపలక ఒకటి ఎత్తి బోర్లా పడుకొని టార్చి వేశాడు.

“ఏముందండీ కింద?” అన్నాను.

“చీకటుంది. దానికి మీ దగ్గర డబ్బు తీసుకోనులెండి” అన్నాడు.

వెళ్లబోతూ, “ఇరవయ్యేళ్లుగా ఈ సముద్రపు ఒడ్డున ఇళ్లు చూస్తున్నా. ఇంత పొడి గోడ ఇంతవరకు చూళ్లేదు” అన్నాడు. విన్నావా?

నీ సంగతి అడిగాను. “నెస్టానా? ఆవిడకన్నా నేను చూసే ఇళ్లు నయం, తలుపులన్నా కిర్రుమంటాయి” అన్నాడు. నువ్వు మాట్లాడని పిల్లవు కావు. మా ఇంట్లో భోజనాల దగ్గర నీ నోరు మూయించడానికి ఒక కీర్తన అందుకోవలసి వచ్చేది.

ఎండుద్రాక్ష రొట్టె చేయించాను. ఆయన మూడు ముక్కలు తిన్నాడు. తక్కినదంతా అలాగే ఉంది. పద్యంలో ప్రాస తప్పితే చెవికి తెలుస్తుంది, గోడలో లోపముంటే ఆ మీటరుకు తెలుస్తుంది, మనిషి సంగతి దేనికి తెలుస్తుందో నాకు ఇంకా బోధపడలేదు. వృద్ధుల చాదస్తం, పట్టించుకోకు.

ఆశీస్సులతో,
పెదనాన్న


చెస్టర్,
23 అక్టోబరు 1991

పెదనాన్నగారికి,

నివేదిక నాకూ ఒక ప్రతి వచ్చింది. రాయకూడదు గాని, చదవకూడదని నియమం లేదు. మూడుసార్లు చదివాను. నమ్మలేనంత బాగుంది. అందుకే భయం వేసి ఈ ఉత్తరం.

ఆ ఇంటి పడమటి గోడ సముద్రానికి ఎదురు. బయట ఎవరో సున్నపు పూత గీకేసి సిమెంటు పూశారు. రాతిగోడకు అలా చేస్తే లోపలికి దిగిన నీరు మళ్లీ బయటికి పోలేదు. పైన వాననీటి గొట్టం విరిగి ఉంది. రెండు చలికాలాలు ఇల్లు మూతపడి ఉంది. అలాంటి గోడ తడిసి ముద్దయి ఉండాలి. మీటరు పొడి అంటోంది!

ఫొటోలు చూశాను. రెండు గదుల నిప్పుగూళ్లలోనూ కొత్త బూడిద. మార్గెడ్ పింగాణీ బీరువా తూర్పు గోడకు ఉండేది. నేలమీద దాని కాళ్ల గుర్తులు ఇంకా అక్కడే ఉన్నాయి. ఇప్పుడది పడమటి గోడను కప్పేస్తూ నిలబడింది. అమ్మేవారి సామాను మేం కదపకూడదు గనుక విట్లో దాని వెనక చూడలేదు. చూడలేదని నివేదికలో రాశాడు కూడా. ఎవరో చాలా రోజులు నిప్పు వేసి గోడలను ఆరబెట్టారు. తాళంచెవి మీ దగ్గర ఉన్నా, మార్గెడ్ దగ్గర రెండోది ఉండకపోదు.

ఆమె చేతి రొట్టె తిని పెరిగినదాన్ని. రాయడానికి చెయ్యి ఆడలేదు. అయినా ఆమె లాయరుకు రాశాను, ఇది మోసమని. మీ డబ్బంతా ఆ గోడలో పోయడం చూస్తూ ఊరుకోలేను. బేరం విరమించుకోండి.

నెస్టా


రైద్‌వెన్,
29 అక్టోబరు 1991

నెస్టా,

నిన్న సోమవారం. పింఛను వరుసలో జనం నిలబడి ఉండగా మార్గెడ్ బస్సు దిగి సరాసరి పోస్టాఫీసులోకి వచ్చింది. మేడ మీదికి కూడా రాలేదు. కిందనుంచే కేక వేసింది.

“ఇద్వాల్! దిగు కిందికి! ఎనభై యేళ్లొచ్చాక నన్ను దొంగదాన్ని చేసింది నీ పెంపకం!”

“ఏమైంది మార్గెడ్, పైకి రా, కూర్చో.”

“కూర్చోను. గోడలు ఆరబెట్టానట! నేనా! నా మోకాళ్లతో నేను బొగ్గు మోశానట! ఆ తివాచీలవాడు నయం, వాడు గోడ పగలగొడతానని ముఖం మీద చెప్పాడు.”

వరుసలోని వారందరూ తల వంచుకొని పింఛను పుస్తకాలు చదువుకొన్నారు. అప్పుడైనా నేను నిజం చెప్పవలసింది. చెప్పలేదు. ఆమె వెళ్లిపోయింది. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

నిప్పు వేసింది నేను. బీరువా జరిపింది నేను. పోస్టుమాన్ సాయం పట్టాడు.

మన పద్ధతి నువ్వెరుగుదువు. విడిది ఇంటికి బోధకుడు వస్తున్నాడంటే మూడు రోజుల ముందు నుంచీ గదుల్లో నిప్పు ఉండాలి. పరుపుల్లో చెమ్మ ఆరకపోతే వచ్చినవాడు రొమ్ము జబ్బు పట్టి పోతాడు. అలా పోయినవారి సమాధులు ఈ జిల్లాలో నేను చూపగలను. చల్లని ఇంట్లోకి అతిథిని రానిస్తే ఆ ఊరికి మాట.

నువ్వు సర్దవద్దన్నావు. కాని బస్సు సంగతి అడిగావు. తనిఖీ చేసే ఇంగ్లీషువాడు కారులో వస్తాడు, బస్సు వంతెన దగ్గర ఆగుతుందని మన పిల్లకు తప్ప ఎవరికి తెలుసునని నా తర్కం. నియమం అంటూనే వస్తున్నదనుకొన్నాను. శనివారం నుంచి మంగళవారం దాకా నిప్పు ఆరనివ్వలేదు. పడమటి గోడ మీద పెద్ద మరక ఉంది. అడుగుపెట్టగానే నీ కంట అది పడడమెందుకని బీరువా అడ్డం పెట్టాను. తనిఖీని మోసగించాలని నాకు తోచనైనా తోచలేదు. నిన్ను వెచ్చని ఇంట్లోకి పిలవాలని తోచింది, అంతే.

పెదనాన్న


చెస్టర్,
5 నవంబరు 1991

పెదనాన్నగారికి,

మార్గెడ్‌కు క్షమాపణ రాశాను. లాయరుకూ రాశాను.

తనిఖీ మళ్లీ జరగాలి. ఈ రోజు మొదలు నిప్పు వేయవద్దు, కిటికీలు తెరవవద్దు, బీరువా పాత చోటుకు జరిపించండి. విట్లో 22న వస్తాడు. కారు బాగయింది.

ఇక, మీరు నన్ను చూడాలనుకుంటారని నాకు తెలియదు. ఎలా తెలుస్తుంది? మందిరం కప్పు చూడమని మీరు పిలిచినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. దూలాల కొనలు కుళ్లాయని, కింద మనుషులు కూర్చోవడం ప్రమాదమని రాశాను. మూడు నెలలకు మందిరం మూతపడింది. చివరి ఆరాధనకు వచ్చాను. మిగిలిన తొమ్మిదిమందిలో ఒక్కరూ నా ముఖం చూడలేదు. గ్రిఫిత్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఎల్వెన్ హార్మోనియం మూత వేసి, నా పక్కనుంచే, నేను లేనట్టు నడిచి వెళ్లిపోయింది. మీరు ఆ పూట ఒక్క మాట మాట్లాడలేదు.

రెండేళ్ల తర్వాత పెద్దమ్మ పోయింది. సమాధి దగ్గరనుంచి తిరిగి వచ్చాక మీరు నాతో అన్నది ఇది: “బస్సుకు వేళవుతోంది.” వెళ్లమన్నారని అర్థమయింది. వెళ్లాను.

ఆ రిపోర్టులో తప్పు ఉందేమోనని ఇప్పటికీ ఒక్కోసారి ఆఫీసులో పాత కాగితం తీసి చదువుతాను.

నెస్టా


రైద్‌వెన్,
12 నవంబరు 1991

అమ్మా నెస్టా,

నీ కాగితంలో తప్పు లేదు. ఉన్నదెక్కడో చెబుతాను.

కప్పు కారుతున్నదని నీకంటే ఆరేళ్లు ముందే నాకు తెలుసు. వానాకాలమంతా మందిరపు పైఅంతస్తులో రెండు బకెట్లు పెట్టి, ఆదివారం తెల్లవారగానే వెళ్లి ఒలకబోసి, తడి తుడిచి, ఏమీ ఎరగనివాడిలా వేదిక ఎక్కేవాణ్ణి. ఒకనాడు దూలం కొన మీద వేలు వేస్తే వేలు లోపలికి దిగింది. ఆ వేలితోనే ఆ పూట ఆశీర్వాదం పలికాను.

తొమ్మిదిమంది ముసలివాళ్లు. వారికి ఆదివారం తప్ప వేరే దినం లేదు. “ఇక చాలు, మూసివేద్దాం” అన్న మాట కాపరినైన నా నోట రావాలి. రాలేదు. అప్పుడు నిన్ను పిలిచాను. పిల్ల చదువుకొన్నది, దాని కాగితానికి ఎవరూ ఎదురు చెప్పరు అనుకొన్నాను. నేను చెప్పవలసిన మాట నీచేత రాయించి, రాసినందుకు నిన్ను ఒంటరిగా నిలబెట్టాను. చివరి ఆరాధన నాడు నేను మాట్లాడకపోవడం కోపం కాదు. నోరెత్తితే నిజం వచ్చేది.

బస్సు మాట కూడా అంతే. లూనెడ్ లేని ఇంట్లో నువ్వూ నేనూ ఎదురెదురుగా కూర్చుంటే ఆ సంగతి దాచగలనన్న ధైర్యం నాకు లేకపోయింది. అది ఆ రోజుకు ఆఖరి బస్సు. నువ్వు ఎక్కావు. కిటికీ వైపు చూడలేదు. నేను వంతెన మీద చాలాసేపు నిలబడ్డాను.

ఏ వరస పెట్టి ముగించాలో తెలియక పేరు మాత్రం రాస్తున్నాను.

ఇద్వాల్


చెస్టర్,
25 నవంబరు 1991

పెదనాన్నగారికి,

రెండో తనిఖీ నివేదిక జతపరిచాను. సారాంశం: పడమటి గోడ భుజం ఎత్తుదాకా తడి. బీరువా తీశాక చూస్తే, ఆ గోడలోకి దిగిన నేల దూలాలు మూడు కుళ్లాయి. కిటికీ పైదూలం పగిలింది. బాగుచేయడానికి ఇంటి ధరలో సగానికి పైగా అవుతుంది. కొనవద్దని విట్లో అభిప్రాయం. నేనైనా అదే అనేదాన్ని.

మీ ఉత్తరం అందింది. దానికి ఏమని జవాబు రాయాలో నాకు తెలియడం లేదు. ఆరేళ్లు, పెదనాన్నా. ఎవరి గుమ్మం ఎక్కినా, ఈ ఇల్లు నా మూలంగా ఎవరికి లేకుండా పోతుందో అనుకుంటూ లోపలికి వెళ్లాను. మీరు ఒక్క మాట రాస్తే సరిపోయేది.

ఇప్పుడు ఇంతకంటే రాయలేను.

నెస్టా


అబెర్‌వెన్, మార్గెడ్ అక్కగారిల్లు,
1 డిసెంబరు 1991

నెస్టాకు,

నిన్నటితో మార్గెడ్ ఇచ్చిన గడువు తీరింది. లాయరుచేత చెప్పించడానికి మనసొప్పక నేనే ఇక్కడికి వచ్చాను. నిప్పుల సంగతి ముందే ఆమెతో ఒప్పుకొన్నాను. పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు, నిన్న తలుపు తీసింది. హెబ్రోన్‌లో మిగిలినవారం ఇప్పుడు నలుగురమే. గ్రిఫిత్‌నూ ఎల్వెన్‌నూ కూడా రమ్మన్నాను.

“ఇల్లు కొనను మార్గెడ్. గోడ భుజం ఎత్తుదాకా తడి” అన్నాను.

“ఆ ముక్క నన్నడిగితే నేనే చెప్పేదాన్నిగా! ఆ గోడ ఏనాడు ఆరింది?”

“మరి చెప్పలేదేం?”

“నువ్వంత సంబరంగా కొంటానంటే ఎట్లా చెప్పేది? నీ ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లయింది!”

పోస్టాఫీసు మేడ గదే ఇక నాకు శాశ్వతమని అప్పుడు తెలిసివచ్చింది. ఆ దుఃఖం నిలకడగా అనుభవించే వ్యవధి కూడా తీసుకోకుండా, రెండో మాట చెప్పేశాను. మందిరం కప్పు సంగతి, బకెట్ల సంగతి, నిన్ను పిలిచిన కారణం.

ఎల్వెన్ టీ కలుపుతూనే ఉంది, చక్కెర వేయకుండానే.

చివరికి గ్రిఫిత్ అన్నాడు: “నీ రెండు బకెట్లూ పైన. వెనకగదిలో పీపా ఎవరు పెట్టారనుకున్నావ్?”

“ఏ పీపా?”

“అదీ! నేనే పెట్టా. శనివారం శనివారం. నీకు తెలిస్తే గుండె ఆగుతుందని దాచా.”

“హార్మోనియం వెనక గిన్నె నాది. సంఘంలో నేనొక్కదాన్నే ఎరుగుదుననుకున్నా” అన్నది ఎల్వెన్. “ఎవరితో అనాలో తెలీక, ఎన్నేళ్లు...”

“నేను ఊడ్చేదాన్ని” అన్నది మార్గెడ్. “నాకు తెలీకుండా ఆ నేలమీద చుక్క పడుతుందా? కుళ్లిన చెక్కపొట్టు చేటలకు చేటలు ఎత్తా.”

నలుగురమూ ఒకే కప్పు కింద, ఒకే ఆదివారం, ఎవరి తడి వారు తుడుచుకొంటూ కూర్చున్నామన్నమాట. పక్కవాడికి చెప్పి ఉంటే బరువు నలుగురమూ పంచుకొనేవాళ్లం.

“అయితే మనకెవరికీ తెలీని ముక్క ఆ పిల్ల ఒక్కటీ రాయలేదు” అన్నది మార్గెడ్. “చివరి ఆరాధన రోజు నాకు సిగ్గేసి దాని ముఖం చూళ్లేకపోయా. కోపమనుకుందా పాపం?”

“అనుకొన్నది” అన్నాను.

“కాగితం తీయండి. ఆమె ఒక్కతే సంతకం పెట్టింది ఆ రిపోర్టు మీద. మిగతా సంతకాలు పడలా” అన్నాడు గ్రిఫిత్.

దీనికి నువ్వు జవాబు రాయాలని ఎవరూ కోరడం లేదు. క్షమించమని అడిగే హక్కు నాకుందని కూడా అనుకోవడం లేదు. 1985లో నువ్వు రాసిన నివేదికకు ఇవి సాక్షి సంతకాలు. ఆ కాగితంతోపాటు భద్రపరుచుకో.

కప్పు కారడం నేను చూశా. నీతో అనలేదు. — గ్రిఫిత్

నేనూ చూశాను తల్లీ. — ఎల్వెన్

చూశా. లాయరు ఉత్తరానికి నీ మీద కోపం ఇంకా ఉంది, అది వేరే సంగతి. — మార్గెడ్

అందరికంటే ముందు చూచినవాణ్ణి నేను. — ఇద్వాల్, సంఘ కాపరి